పల్లవి మరచిన పాట

పాటను మరచిపోవడంలో ఒక వింత ఉన్నది. మాటలు ముందు పోతవి. వరస చాలాకాలం నిలుస్తుంది. చిన్ననాడు విన్న లాలిపాటలో ఏ మాట వెనుక ఏ మాట వచ్చునో చెప్పలేనివారు సైతం, ఆ పాట ఎక్కడ పైకి లేచి ఎక్కడ క్రిందికి దిగునో కూనిరాగం తీసి చూపగలరు. పేరు జ్ఞప్తికి రాకున్నా మనిషి ముఖం మరువనట్లే, పల్లవి తోచకున్నా వరస చెవిని వీడదు.

గిద్దలూరులోనో, కంభంలోనో, బేస్తవారిపేటలోనో ఒక ఇంట పెండ్లి జరిగినదనుకొందాము. నలుగు పెట్టే వేళ ఒక ముసలమ్మ పాట ఎత్తుకొన్నది. చదువుకొనే మనుమరాలు ప్రక్కన కూర్చుండి విన్నది. ఏడాది తిరిగేసరికి ముసలమ్మ లేదు. కళాశాలలో జానపద గేయాలను గురించి వ్యాసం వ్రాయవలసి వచ్చినప్పుడు మనుమరాలికి ఆ పాట గుర్తుకు వచ్చినది. మాటలు రాలేదు, వరస మాత్రమే వచ్చినది. గ్రంథాలయంలో పాటల పుస్తకాలు ఉన్నవి. ప్రతి పుస్తకం చివరా అకారాది సూచిక ఉన్నది. కాని ఆ సూచిక అడిగే ప్రశ్న ఒక్కటే: "మొదటి అక్షరం ఏమి?" ఆ పిల్లకు తెలియనిది సరిగా అదే. తెలిసినదానిని సూచిక అడుగదు.

ఈ చిన్న చిక్కు వెనుక ఒక పెద్ద శాస్త్రం ఉన్నది. పాటను దాని పేరును బట్టి గాక పాటలోని సారాన్ని బట్టి వెదకుట ఎట్లు? వేలకొలది పాటలను, చిత్రాలను, చలనచిత్రాలను వాటిపై అంటించిన చీటీలను బట్టి గాక, వాటిలో ఉన్నదానిని బట్టి అమర్చుట ఎట్లు? గడచిన మూడు దశాబ్దాలుగా ప్రపంచమంతటా కంప్యూటర్ శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నకు సమాధానం వెదకుతున్నారు. ప్రశ్న మాత్రం తెలుగువారికి క్రొత్తది కాదు.

మాతువు, ధాతువు

మన లాక్షణికులు పాటను రెండుగా విడదీసి చూచినారు. పాటలోని మాట మాతువు. దాని నడక, అనగా స్వరాల కూర్పు, ధాతువు. ఈ రెంటినీ తానే కల్పించగలవాడు వాగ్గేయకారుడు. ఒకరి మాటలకు మరొకరు వరస కట్టినచో అతనికి ఆ బిరుదు చెల్లదు. పాటలో మాట ఎంత ముఖ్యమో వరస అంత ముఖ్యమని ఈ విభజనయే చెప్పుతున్నది.

అయినను మన సూచికలన్నీ మాతువునే పట్టుకొన్నవి. కారణం స్పష్టమే. మాటకు లిపి ఉన్నది, లిపికి వరుసక్రమం ఉన్నది. కనుక అకారాది సులువు. వరసకు అట్టి అక్షరక్రమం లేదు. బిరుదురాజు రామరాజు 1958లో ప్రకటించిన తెలుగు జానపద గేయ సాహిత్యం, నేదునూరి గంగాధరం వంటి సేకర్తల సంకలనాలు తెలుగు జాతికి చేసిన ఉపకారం సామాన్యమైనది కాదు. వారు ఊరూరా తిరిగి పాటలను కాగితం మీదికి ఎక్కించకున్నచో ఈనాడు మనకు మాటలు కూడ మిగిలేవి కావు. కాని అచ్చు పుస్తకం మాటను మోసినంత సులువుగా వరసను మోయలేదు. ఆనాటి సంకలనాలలో అధికభాగం మాతువుకే స్థానమిచ్చినవి. చదివేవారికి పాట దొరకినది. పాడేవారికి సగమే దొరకినది.

మాటను పట్టుకొని వెదకడంలో మరొక చిక్కు ఉన్నది. నోటినుండి నోటికి నడిచే పాటలో మాట నిలువదు. గిద్దలూరు ప్రాంతానికి దగ్గర సంబంధం ఉన్న వీరగాథ ఒకటి దీనికి మంచి ఉదాహరణం. 1846లో రేనాటి పాలెగాడు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఆంగ్ల కంపెనీ ప్రభుత్వంపై తిరుగబడినాడు. ఆ ఏడు జూలైలో కోయిలకుంట్ల ఖజానాపై పడిన తరువాత పోరు గిద్దలూరు ప్రాంతానికి వ్యాపించినది. నల్లమల అతనికి ఆశ్రయమిచ్చినది. చివరకు పట్టుబడిన అతనిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో బహిరంగంగా ఉరితీసినారు. ప్రభుత్వం శరీరాన్ని ఉరితీసినది గాని కథను తీయలేకపోయినది. వీధి గాయకులు, కోలాటం వేసేవారు దానిని పాటగా పాడుకొన్నారు. తంగిరాల వేంకట సుబ్బారావు వంటి పరిశోధకులు ఇట్టి వీరగాథలను సేకరించి, వాటి పాఠాలను పరిశీలించినారు.

ఇట్టి గాథకు ఒకే పాఠం ఉండదు. ఒక ఊరివారు ఒక చరణంతో మొదలు పెట్టుదురు, మరొక ఊరివారు మరొకదానితో. ఒకచోట ఉన్న సంఘటన వేరొకచోట ఉండదు. యాస మారును, ఊరిపేర్లు మారును. మొదటి పాదాన్ని బట్టి సూచిక తయారు చేసినచో ఒకే పాట పదిచోట్ల పది పాటలుగా కనబడును. పేరును బట్టి వెదకినచో 2019లో వచ్చిన సినిమా పాటలే ముందుగా ఎదురగును. పల్లె గాయకుని పాట వాటి వెనుక ఎక్కడో మరుగుపడును.

ఊరిపేరును, జిల్లా పేరును బట్టి అమర్చినను చిక్కు తీరదు. గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలు ఒకప్పుడు కర్నూలు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రంగా క్రొత్త జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టినారు. 1960లో సేకరించిన పాట చీటీపై "కర్నూలు జిల్లా" అని ఉండును. అదే ఊరిలో 1980లో సేకరించిన పాట చీటీపై "ప్రకాశం జిల్లా" అని ఉండును. రెండూ ఒకే ముంగిట పాడినవి కావచ్చును. చీటీలు వేరైనంత మాత్రాన పాటలు వేరు కాలేదు.

పూర్వుల సూచిక

వరసకు అక్షరక్రమం లేదంటిమి. శాస్త్రీయ సంగీతంలో మాత్రం మన పూర్వులు దాదాపు అంతటి క్రమాన్ని కల్పించినారు. 17వ శతాబ్దిలో తంజావూరు నాయకరాజుల కాలంలో వేంకటమఖి చతుర్దండీ ప్రకాశిక అనే గ్రంథంలో 72 మేళాల పథకం రచించినాడు. సప్తకంలోని స్వరస్థానాలను ఎన్ని విధాల కలుపవచ్చునో లెక్కించి, ఒక్కొక్క కలయికకు ఒక్కొక్క స్థానం ఏర్పరచినాడు. తరువాతివారు మేళరాగాల పేర్ల మొదట కటపయాది సంఖ్యను సూచించే అక్షరాలు చేర్చినారు. పేరులోని మొదటి రెండు అక్షరాలకు అంకెలు కట్టి తిరుగవేసినచో మేళసంఖ్య వచ్చును.

ధీరశంకరాభరణం తీసుకొందాము. టకారం మొదలు లెక్కించినచో "ధ" తొమ్మిదవది. యకారం మొదలు లెక్కించినచో "ర" రెండవది. తొమ్మిది, రెండు, తిరుగవేసినచో 29. ఆ సంఖ్య పేరుకు పెట్టిన గుర్తు మాత్రమే కాదు. 29 ముప్పదియారుకు లోపల ఉన్నది గనుక మధ్యమం శుద్ధ మధ్యమం. ఆరేసి మేళాలకు ఒక చక్రం చొప్పున లెక్కించగా అది అయిదవ చక్రంలో ఉన్నది. కనుక రిషభం చతుశ్రుతి, గాంధారం అంతరం. ఆ చక్రంలో అయిదవ మేళం గనుక ధైవతం చతుశ్రుతి, నిషాదం కాకలి. 29కి 36 కలిపినచో 65. మధ్యమం ఒక్కటి ప్రతిమధ్యమంగా మారి మేచకల్యాణి అగును. "మ" అయిదు, "చ" ఆరు. తిరుగవేసినచో 65 వచ్చుట విద్యార్థులు స్వయంగా సరిచూచుకొనవచ్చును.

ఇది సామాన్యమైన సూచిక కాదు. గ్రంథాలయంలో పుస్తకానికి వేసే సంఖ్య ఆ పుస్తకం ఏ బీరువాలో ఉన్నదో చెప్పును. మేళసంఖ్య రాగం ఏ స్వరాలతో నిర్మితమైనదో చెప్పును. చిరునామాలోనే ఇంటి నమూనా ఉన్నట్లు! సారాన్ని బట్టి అమర్చుట అనగా ఇదే.

ఈ పద్ధతిని ఒక మహాభాండాగారానికి అన్వయించినవారు సుబ్బరామ దీక్షితులు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడైన బాలుస్వామి దీక్షితుల దౌహిత్రుడు, దత్తపుత్రుడు. తమిళదేశంలోని ఎట్టయపురం సంస్థాన విద్వాంసుడై ఉండి, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే బృహద్గ్రంథాన్ని ప్రకటించినారు. పాశ్చాత్య స్వరలిపిలో మన సంగీతాన్ని అచ్చువేయుటకు పూనుకొన్న చిన్నస్వామి మొదలియారు ప్రోత్సాహం ఆ పనికి మూలం. ఎట్టయపురంలో అచ్చయిన ఆ గ్రంథం తెలుగు లిపిలో ఉన్నదని తెలిసినప్పుడు విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. ఆనాడు దక్షిణదేశ సంగీతానికి తెలుగు ఎంతటి ఉమ్మడి భాషయో దీనివల్ల గ్రహింపవచ్చును.

ఆ గ్రంథంలో కృతులు అకారాదిగా లేవు. వాగ్గేయకారుల పేర్లను బట్టి కూడ లేవు. మేళరాగాల క్రమంలో ఉన్నవి. ఒక్కొక్క రాగానికి లక్షణం, గీతం, కృతి, సంచారి మొదలైనవి స్వరసహితంగా ఒకచోట కూర్చబడినవి. కంపితం, స్ఫురితం, జారు మొదలైన గమకాలకు ప్రత్యేక సంకేతాలు స్వరాల నెత్తిన ఉంచినారు. చదువరి కృతి పేరు ఎరుగకపోయినను, వరస విని రాగం పోల్చగలిగినచో ఆ రాగం పుట తెరచి కృతిని పట్టుకొనవచ్చును. కూనిరాగంతో వెదకుటకు తెలుగు అక్షరాలలో వచ్చిన గొప్ప సాధనం అది.

వరస పోయిన భాండారం

దీనికి ప్రతిగా తిరుమల కథ ఉన్నది. తాళ్లపాక అన్నమాచార్యుల సంకీర్తనలు రాగిరేకులపై చెక్కబడి తిరుమల ఆలయంలోని సంకీర్తన భాండారంలో శతాబ్దాలపాటు మరుగుపడినవి. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో అవి మరల వెలుగు చూచినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ వంటి పండితులు రేకులను చదివి పరిష్కరించి లోకానికి అందించినారు. ముప్పదిరెండు వేల సంకీర్తనలని ప్రసిద్ధి. దొరకినవి అందులో సగమైన లేవు. అయినను అది వేలకొలది పాటల నిధి.

రేకులను చెక్కించినవారు అజాగ్రత్తపరులు కారు. అధ్యాత్మ సంకీర్తనలను, శృంగార సంకీర్తనలను వేరు చేసినారు. ప్రతి సంకీర్తనకు రాగం పేరు వ్రాయించినారు. సూచికకు కావలసిన చీటీ సిద్ధంగానే ఉన్నది. లేనిది స్వరం. రాగం పేరు ఉన్నది గాని, ఆ రాగంలో అన్నమయ్య ఆ పల్లవిని ఎట్లు ఎత్తుకొన్నాడో రాగిరేకు చెప్పదు. పాడే పరంపర తెగిపోయిన పాటలకు ధాతువు పోయినది. రాళ్లపల్లివారు, బాలాంత్రపు రజనీకాంతరావు, నేదునూరి కృష్ణమూర్తి మొదలైనవారు తమ విద్వత్తుతో క్రొత్త వరసలు కట్టినారు. ఈనాడు మనం విని పరవశించే అన్నమయ్య పాటలలో చాలవరకు మాతువు 15వ శతాబ్దిది, ధాతువు 20వ శతాబ్దిది.

రాగికి చెడుట తెలియదు, అక్షరం నిలిచినది. పాడే గొంతుకకు వారసుడు లేకపోయినాడు, వరస పోయినది. ఎంత చక్కని సూచికయైనను, నిలుపనిదానిని వెదకి తేలేదు.

యంత్రం వినే తీరు

యంత్రం గొంతును పట్టుట నేర్చినాక ఈ కథ మలుపు తిరిగినది. 1902లో గ్రామఫోను కంపెనీవారు కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను ముద్రించినారు. పాట ముగియగానే ఆమె తన పేరు ఆంగ్లంలో పలికెడిది. అచ్చువేసేవారు ఎవరి పాట ఎవరిదో పొరబడకుండుటకు అది ఉపకరించినది. చీటీని పాటలోనే చేర్చిన తొలి ఉదాహరణాలలో అది ఒకటి. చీటీ ఊడిపోవచ్చును, గొంతులో చేరినది ఊడదు.

వరసను సూచికగా మార్చే ప్రయత్నం పాశ్చాత్యదేశాలలోను జరిగినది. 1975లో డెనిస్ పార్సన్స్ అనే ఆంగ్లేయుడు ఒక వింత నిఘంటువు ప్రకటించినాడు. అందులో స్వరాల పేర్లు అవసరం లేదు. ప్రతి స్వరం దాని ముందున్న స్వరానికంటె పైకి పోయినదా, క్రిందికి వచ్చినదా, అక్కడే నిలిచినదా అనేది గుర్తించినచో చాలును. "స రి స స రి గ" అని పాడినచో నడక ఇట్లుండును: ఎక్కుడు, దిగుడు, నిలుకడ, ఎక్కుడు, ఎక్కుడు. ఇట్లు మూడే గుర్తులతో వ్రాసిన నడకలను అకారాది వలె అమర్చినాడు. సంగీతం చదువనివాడు కూడ తనకు తోచిన వరసను ఇందులో వెదకగలడు.

1995లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ త్రోవనే కంప్యూటర్‌కు నేర్పినారు. మనిషి మైకు ముందు కూనిరాగం తీయును. యంత్రం ఆ ధ్వనిలో సెకనుకు ఎన్ని కంపనాలో కొలిచి, స్వరాల ఎక్కుడు దిగుళ్లను వ్రాసికొని, తన వద్దనున్న 183 పాటల నడకలతో పోల్చిచూచును. పాడేవాడు ఒక స్వరం తప్పినను, ఒకటి విడిచినను క్షమించునట్లు ఆ పోలికను రచించినారు. కూనిరాగంతో వెదకుట అనే మాట పరిశోధక లోకంలో అప్పటినుండి స్థిరపడినది. 2020 అక్టోబరులో గూగుల్ సంస్థ ఈ సౌకర్యాన్ని సామాన్యుని ఫోనులోనికి తెచ్చినది.

దీనితో పొరబడరాని మరొక సాధనం ఉన్నది. 2002లో బ్రిటన్‌లో మొదలైన షజామ్ అనే సేవ హోటలులోనో బస్సులోనో వినబడే పాటను కొన్ని క్షణాలు విని పేరు చెప్పును. అది ధ్వనిని ఒక పటంగా గీసి, అందులో మిక్కిలి బలంగా ఉన్న బిందువులను ఏరి, జంటలుగా కూర్చి, ఆ జంటల మధ్య దూరాన్ని గుర్తుగా దాచుకొనును. ఇది వేలిముద్ర వంటిది. అదే రికార్డు మరల మ్రోగినచో, చుట్టూ ఎంత సందడి ఉన్నను పోల్చగలదు. కాని అదే పాటను అదే గాయని రేపు మరల పాడినచో వేలిముద్ర కలియదు. షజామ్ ఎరిగినది రికార్డును, పాటను కాదు. మన ముసలమ్మ నలుగుపాటకు అది ఉపకరించదు.

చిత్రాలకు, చలనచిత్రాలకు కూడ ఇదే న్యాయం. తొలిరోజులలో యంత్రాలు చిత్రంలోని రంగుల పాళ్లను, గీతల పోకడలను కొలిచి ఒక చిత్రానికి పోలిన చిత్రాలను తీసి చూపెడివి. ఈనాటి యంత్రాలు చిత్రంలో ఉన్నది చెట్టో, గుడియో, మనిషియో గుర్తించుట కూడ నేర్చినవి. కోలాటం వీడియోల కుప్పలో నుండి ఒకే విధమైన అడుగు, ఒకే కోపు ఉన్నవాటిని ఏరి ఒకచోట చేర్చుట ఇట్టి శాస్త్రానికి అందరాని పని కాదు.

గమకం దగ్గర తడబాటు

యంత్రం చెవికి హద్దులున్నవి. పాశ్చాత్య సంగీతాన్ని మనసులో ఉంచుకొని చేసిన సాధనాలు స్వరాన్ని మెట్టుగా భావించినవి. మన సంగీతంలో స్వరం మెట్టు కాదు, ఊగే కొమ్మ. తోడిలో గాంధారం ఒకచోట నిలువదు, క్రిందా మీదా ఊగుచుండును. యంత్రం ఆ ఊపును నాలుగైదు స్వరాలుగా లెక్కించి పొరబడును. ఆరభికి, దేవగాంధారికి ఆరోహణ అవరోహణలు ఒకటే. అయినను చెవి ఎరిగిన శ్రోత క్షణంలో రెంటినీ వేరు చేయును. వ్యత్యాసం స్వరంలో లేదు. స్వరం పలికే తీరులో, నడిచే వేగంలో ఉన్నది. సుబ్బరామ దీక్షితులు గమకానికి ప్రత్యేక సంకేతాలు వ్రాసినది ఇందుకే.

శ్రుతి మరొక చిక్కు. మన గాయకులు తమ గొంతుకు అనువైనచోట ఆధారషడ్జం నిలుపుకొందురు. పురుషుని "స" ఒకచోట, స్త్రీ "స" వేరొకచోట. ముందుగా ఆధారషడ్జాన్ని కనుగొననిదే యంత్రానికి మిగిలిన ఆరు స్వరాలు అర్థం కావు. తంబుర ధ్వనిని ఆధారంగా చేసికొని షడ్జాన్ని పట్టే పద్ధతులను పరిశోధకులు కల్పించినారు.

2011లో స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో పాంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయానికి చెందిన షావియర్ సెర్రా నాయకత్వాన ఒక పరిశోధన మొదలైనది. పాశ్చాత్య సంగీతపు కొలబద్దతో ప్రపంచంలోని సంగీతాలన్నిటినీ కొలువరాదనుట దాని మూలసూత్రం. వారు ఎన్నుకొన్న అయిదు సంప్రదాయాలలో కర్ణాటక సంగీతం ఒకటి. మద్రాసు ఐ.ఐ.టి. పరిశోధకులు అందులో పాల్గొన్నారు. రాగాన్ని, తాళాన్ని, ఆధారషడ్జాన్ని, రాగంలో మరల మరల వచ్చే పట్టులను యంత్రం తానై గుర్తించే మార్గాలను అన్వేషించినారు. వేంకటమఖి కాగితంపై గీసిన పథకానికి ఈ విధంగా యంత్రంలో ఒక కొనసాగింపు ఏర్పడినది.

కాని ఈ కృషి అంతయు కచేరీ సంగీతానికి చెందినది. కచేరీకి రికార్డులున్నవి, గ్రంథాలున్నవి, రాగాల పేర్లున్నవి. రోకటిపాటకు ఏమున్నది?

పలకపై పాట

పల్లెలో పాటకు పేరుండదు, పని ఉండును. దంచేవారికి సువ్విపాట, నాటేవారికి నాట్లపాట, బిడ్డను ఊచే తల్లికి లాలి, సంక్రాంతికి గొబ్బిపాట, పెండ్లికి నలుగుపాట, రాత్రివేళ గుడి ముంగిట చెక్కభజన. ఇది జానపదుల సూచిక. ఇదియు సారాన్ని బట్టి ఏర్పడినదే. రోకలి లేచి పడే కాలమానం సువ్విపాట నడకలో ఉన్నది. ఊయల ఊపు లాలిలో ఉన్నది. విన్నంతనే ఏ పనికి చెందిన పాటయో పోల్చవచ్చును.

ఈ సూచికకు ఆధారం పని. పని పోయిననాడు సూచికయు పోవును. బియ్యపు మిల్లు వచ్చి రోకలిని మూల చేర్చినది. రోకటితో సువ్విపాటయు మూలబడినది. యంత్రాలు దిగిన పొలంలో పాట ఎత్తుకొనే అవకాశం సన్నగిల్లినది. నల్లమల చెంచుల పాటలు, కంభం చెరువు క్రింది మళ్లలోని నాట్లపాటలు, దిగువమెట్ట కనుమ దాటే బండ్లవారి పదాలు పుస్తకాలకెక్కి ఉండకపోయినచో, వాటికి మిగిలిన భాండాగారం డెబ్బది ఏండ్లు దాటినవారి జ్ఞాపకమే.

మార్కాపురం పలక పేరెరుగని తెలుగు విద్యార్థి ఒకనాడు ఉండెడివాడు కాదు. ఆ కొండల రాతి పలకలపై తరతరాల బాలలు ఓనమాలు దిద్దినారు. పలకకు ఒక గుణం ఉన్నది: క్రొత్తది వ్రాయవలెనన్నచో పాతది తుడువవలెను. ధ్వనిముద్రణ టేపుకు వెల ఎక్కువైన రోజులలో ప్రపంచమంతటా ప్రసారకేంద్రాలు పాత టేపులను తుడిచి మరల వాడుకొన్నవి. మనిషి చెవియు కొంతవరకు పలక వంటిదే. పగలంతా క్రొత్త పాట మ్రోగే ఇంటిలో పాత వరస మెల్లమెల్లగా చెరిగిపోవును.

ఈనాడు పలకను తుడువనక్కరలేదు. ప్రతి ఇంట ఉన్న ఫోను గంటలకొలది గానాన్ని నిలుపగలదు. కూనిరాగాన్ని పోల్చే శాస్త్రమున్నది. లోటు ఒక్కటే: పోల్చుటకు ఆ పాట భాండారంలో ఉండవలెను. మనుమరాలు ఎంత శ్రుతిశుద్ధంగా కూనిరాగం తీసినను, అట్టి నలుగుపాటను ఎవ్వరూ ఎక్కడా ముద్రించి ఉండనిచో యంత్రం ఏదో సినిమాపాటను చూపి ఊరుకొనును. యంత్రం అబద్ధమాడలేదు, తనకు తెలిసినదానిలో దగ్గరిదానిని చెప్పినది. తెలియనిది తెలుపవలసిన బాధ్యత మనుష్యులది.

ఈ బాధ్యత ఉపాధ్యాయులకు, విద్యార్థులకు అందుబాటులో ఉన్నది. ఒక పాఠశాలలో పదిమంది విద్యార్థులు సెలవులలో ఒక్కొక్క పెద్ద మనిషి వద్ద మూడేసి పాటలు ముద్రించినచో ముప్పది పాటలగును. దానికి కొన్ని నియమాలు చాలును. ముందుగా పాడేవారి అనుమతి అడుగవలెను. ఆ పాటను నలుగురికి వినిపించుటకు వారికి ఇష్టమో కాదో తెలిసికొనవలెను. చెంచుగూడెంలో గాని, మరే సముదాయంలో గాని, బయటివారికి వినిపింపరాదని భావించే పాట ఉండవచ్చును. ఆ మాటను గౌరవింపవలెను. గౌహర్ జాన్ చేసినట్లు, పాటకు ముందో వెనుకనో, ఊరిపేరు, తేదీ, ఏ సందర్భంలో పాడెదరు, ఎవరి వద్ద నేర్చినారు అనే వివరాలు, వారు సమ్మతించినచో పేరును, అదే ముద్రణలో పలికించవలెను. ఊరితోపాటు మండలం, జిల్లా, సంవత్సరం చెప్పించినచో రేపు హద్దులు మారినను చిక్కు రాదు.

పాటను మొదటినుండి చివరివరకు ఆపకుండ ముద్రింపవలెను. మధ్యలో దగ్గు వచ్చినను, మాట తడబడినను కత్తిరింపరాదు. అన్నిటికంటె ముఖ్యం, దిద్దరాదు. పండితుని చెవికి తప్పుగా తోచిన పలుకుబడి ఆ ఊరి భాషకు సాక్ష్యం కావచ్చును. శ్రుతి తప్పినదని తోచిన స్వరం ఆ వరసకు ప్రాణం కావచ్చును. మాటలను విన్నది విన్నట్లు వ్రాసి, ముద్రణతోపాటు రెండు వేరువేరు చోట్ల భద్రపరుపవలెను. ఫోను పోయినచో పాట పోరాదు.

ఇట్లు కూడిన పాటలను మాటలను బట్టి వెదకవచ్చును, ఊరిని బట్టి వెదకవచ్చును, పనిని బట్టి వెదకవచ్చును. కూనిరాగంతోను వెదకవచ్చును. అప్పుడు కొన్ని ఆశ్చర్యాలు బయటపడగలవు. గిద్దలూరులో నలుగుపాటగా పాడే వరస నంద్యాల వైపు చెక్కభజనలో వినబడవచ్చును. రేనాటి వీరగాథ నడక మరొక వీరుని కథలో తొంగిచూడవచ్చును. మాటలు వేరగుటచేత ఇన్నాళ్లు వేరువేరు పాటలని తలచినవి ఒకే తల్లి బిడ్డలని తేలవచ్చును. మాటల సూచిక ఎన్నడును చూపలేని చుట్టరికం అది.

ఆ ముసలమ్మ లేదు. కాని పెండ్లిపందిట ఆమె ఒక్కతెయే పాడలేదు. ప్రక్కన కూర్చున్నవారు వంత పలికినారు. వారిలో ఎవరో ఒకరు రాచర్లలోనో, కొమరోలులోనో ఇంకా ఉండవచ్చును. మనుమరాలు వెదకవలసినది ముందుగా ఆమె ఇంటిని. ఎదుట కూర్చుండి ఆ నాలుగు స్వరాలు కూనిరాగం తీసినచో, ఏ యంత్రమూ ఇయ్యలేని సమాధానం ఆమె ఇయ్యగలదు: మిగిలిన పాట అందుకొనగలదు. ఆ వేళకు ఫోను తెరచి ఉంచవలెను.